దొరలొస్తే నీళ్ళొస్తాయి

నేను తాడేపల్లిలో కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. నీళ్ళ కోసం మనుషులు ఎదురుచూడాలని ఉద్యోగం వచ్చేదాకా నాకు తెలియదు. ఎనభైల మొదట్లో పర్చూరు అవతల ఒక పల్లెటూరి హైస్కూలుకి ఇంగ్లీషు మేష్టరుగా వేశారు. బస్సు దిగగానే, నాకు అద్దెగది చూపించడానికి వచ్చిన రైతును, "ఊరికి కాలవ ఉందా అండీ?" అని అడిగాను.

"కాలవుందండి. నీళ్ళే లేవు," అన్నాడాయన.

వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదని నెల తిరక్కుండానే అర్థమైంది. మా ఊరు కాలవకి కొసన ఉంది. పై ఊళ్ళన్నీ తడుపుకోగా మిగిలితే మాకు, మిగలకపోతే లేదు. పత్తి ఎలాగో ఓర్చుకుంటుంది. మిరప ఓర్చుకోదు. పూత మీద ఉన్నప్పుడు ఒక్క తడి తప్పిందంటే పూతంతా రాల్చేసి తన దారి తాను చూసుకుంటుంది.

ఆ కొసరు నీళ్ళయినా ఊరికి చేరుతున్నాయంటే దానికి కారణం ఒక పెద్దాయన. ఊరంతా ఆయన్ని కాలవ పెద్ద అనేవాళ్ళు. ఆ పదవి ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు, ఆయన గొంతే ఇచ్చి ఉండాలి. కాలవకి నీళ్ళు వదిలే ముందు ఎండాకాలం చివర్లో ఒక పొద్దున పంచె ఎగగట్టి వీధిలో నిలబడి కేక వేసేవాడు.

"ఒరేయ్! ఇంకా పడుకునే ఉన్నార్రా? పారలు బయటికి తియ్యండి! కాలవ తనంతట తాను బాగుపడుద్దా?"

ఇంటికొక మనిషి పార, తట్ట పట్టుకుని బయలుదేరాలి. తుంగ పీకి, పూడిక తీసి, పై ఊరి పొలిమేర దాకా వెళ్ళేవాళ్ళు. అక్కణ్ణుంచి పై ఊరివాళ్ళు వాళ్ళ ముక్క తీసేవాళ్ళు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూనే పని కానిచ్చేవాళ్ళు. రానివాడికి శిక్ష ఏమిటంటే, తవ్వినవాళ్ళందరికీ మజ్జిగ పోయించాలి, నీళ్ళ వంతులో ఆఖర్న నిలబడాలి. వంతులు చెప్పేది కూడా పెద్దాయనే. ఆయన న్యాయం కాస్త ఆయన పొలం వైపు వాలి ఉండేదన్న మాట కూడా దాచకూడదు. ఎవరైనా అడిగితే, "నా చేను పల్లంలో ఉందిరా. నీళ్ళు వాటంతటవే వస్తే వెనక్కి పొమ్మననా?" అనేవాడు. ఆ చేను మెరక మీద ఉండేది. అయినా ఊరు ఊరుకునేది. ఒక మనిషికి ఆమాత్రం వాలు ఉండకపోతే అంత గొంతు ఎందుకు చించుకుంటాడని అనుకునేవాళ్ళు.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకి, విదేశీ సాయంతో మా కాలవలు బాగుచేస్తారని వార్త వచ్చింది. ఏ దేశమో సరిగ్గా ఎవరికీ తెలియదు. టీ కొట్టు దగ్గర ఒకాయన జపాను అన్నాడు. ఇంకొకాయన, కాదు, ప్రపంచమంతా కలిసి ఇస్తోందన్నాడు. "ప్రపంచమంతా కలిసి మన కాలవకిచ్చిందా!" అని పక్కన కూర్చున్న ముసలాయన గ్లాసు కింద పెట్టేసి దణ్ణం పెట్టాడు.

జీపులొచ్చాయి. మా కాలవ అడుగునా గట్లకీ సిమెంటు పలకలు పరిచారు. తూములకి ఇనప తలుపులు బిగించి, వాటిని ఎత్తడానికి చక్రాలు పెట్టి, నీలం రంగు వేశారు. ఊరి మొదట్లో ఇంగ్లీషులో పెద్ద బోర్డు పాతారు. ఊళ్ళో దాన్ని ఆగి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందులో మా ఊరి పేరులో రెండక్షరాలు ఎగిరిపోయి వేరే ఊరి పేరైంది. చెబితే మొదటికే మోసం వస్తుందేమోనని అందరూ అలాగే ఉంచమన్నారు.

తరవాత కమిటీ వేయాలన్నారు. కాలవ పని చూసే ఇంజనీరు కుర్రవాడు, మంచివాడు, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండేవాడు. స్కూలు వరండాలో రైతులను కూర్చోబెట్టి విషయం చెప్పాడు.

పెద్దాయన లేచాడు. "కమిటీ ఎందుకయ్యా? నేనున్నాగా."

"మీరున్నారని రాయడానికి వీల్లేదండి. కమిటీ ఉందని రాయాలి. లేకపోతే సాయం ఆగిపోతుంది. వాళ్ళ నియమం."

"నేనుండగా ఇన్నేళ్ళూ ఏం ఆగిపోయింది?"

ఇంజనీరు సంచిలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీశాడు. దాన్ని తెలుగులో చెప్పమని నా చేతిలో పెట్టాడు. చదివాను. చాలా మంచి పుస్తకం. కొసన ఉన్న రైతుకి ముందు నీళ్ళందాలని, రైతులే తమ కాలవను చూసుకోవాలని, పెత్తనం ఒక్కరి చేతిలో ఉండకూడదని రాసి ఉంది. ఒక్క మాటకీ వంక పెట్టలేం. రైతులు తలలూపారు. పెద్దాయన కూడా ఊపాడు, చివరి మాట దగ్గర తప్ప.

ప్రెసిడెంటుగా పత్తి వ్యాపారం చేసే ఒకాయన్ని ఎన్నుకున్నారు. టెర్లిన్ చొక్కా వేసుకుంటాడు, ఇంగ్లీషులో సంతకం పెడతాడు, వచ్చిన ఆఫీసర్లతో మాట్లాడగలడు. ఆయన చేను మా కాలవకి మొదట్లోనే ఉంది కాబట్టి నీళ్ళ బాధ ఎలా ఉంటుందో ఆయనకి జన్మలో తెలియదు. పెద్దాయన్ని నొప్పించకూడదని ఇంజనీరు ఆయనకి గౌరవ సలహాదారు అని ఒక పదవి ఇచ్చాడు.

"అంటే నేనేం చెయ్యాలి?" అన్నాడు పెద్దాయన.

"అడిగితే సలహా చెప్పాలండి."

"అడక్కపోతే?"

ఇంజనీరు చేతులు జోడించి, "గౌరవంగా ఉండాలండి," అన్నాడు.

కమిటీకి ఒక గది కట్టారు. బల్ల, కుర్చీలు, రబ్బరు స్టాంపు వచ్చాయి. ఆ ఎండాకాలం పెద్దాయన అలవాటుగా పంచె ఎగగట్టి వీధిలోకి వచ్చాడు. కేక పూర్తికాకముందే ప్రెసిడెంటు ఎదురొచ్చి, "పెద్దాయనా, మీకెందుకు శ్రమ? ఇకనుంచి కంట్రాక్టరు తీస్తాడు. కమిటీ చూసుకుంటుంది," అన్నాడు. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. అప్పటికే పార భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చినవాళ్ళు మెల్లగా లోపలికి వెళ్ళిపోయారు. ఆయన పంచె దించుకుని ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఏడు కంట్రాక్టరు కాలవ అద్దంలా తీయించాడు. సాయం చేస్తున్న దేశంవాళ్ళు చూడటానికి వస్తున్నారు మరి.

వాళ్ళు రావడానికి ముందురోజు ఒక వింత జరిగింది. మా కొస తూములోంచి నీళ్ళు బుసకొట్టుకుంటూ వచ్చాయి. అంత నీరు ఆ తూములో ఎవరూ చూడలేదు. జనం పరుగున వెళ్ళి చూశారు. ఒకావిడ పసుపు కుంకుమ కూడా తెచ్చి చల్లింది.

మర్నాడు జీపులు వరసగా వచ్చాయి. ముందు జీపులోంచి ఒక పొడుగాటి దొర దిగాడు. మా ఎండకి మొహం పండు మిరపకాయలా అయిపోయింది. బూట్లు విప్పేసి, ప్యాంటు మడిచి కాలవలోకి దిగాడు. చూస్తే నిజంగానే రైతుల మీద ప్రేమ ఉన్న మనిషిలా అనిపించాడు. ఇప్పటికీ నాకు ఆయన మీద చెడ్డ అభిప్రాయం లేదు. నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఇక్కడికి నీళ్ళు బాగా వస్తున్నాయా అని అడగండి," అన్నాడు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోగా వెనక నుంచి పెద్దాయన కేక వేశాడు.

"మీరొస్తే వస్తాయండి! మీరు రాకపోతే రావు!"

ఇంజనీరు మొహం తెల్లబోయింది. నాకేం చెయ్యాలో తోచక, ఉన్నది ఉన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పేశాను. దొర గుండెల మీద చెయ్యి వేసుకుని పెద్దాయనకి వంగి నమస్కారం చేశాడు. ఇన్ని దేశాలు తిరిగినా ఇంత అందమైన స్వాగతం తనకెక్కడా దొరకలేదన్నాడు. జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు కూడా.

"మేష్టారూ, బతికించారు," అన్నాడు ఇంజనీరు నా చెవిలో.

"ఏమన్నాడు?" అన్నాడు పెద్దాయన.

"సంతోషించాడండి."

"నీళ్ళు రావంటే సంతోషమేంటయ్యా?"

జీపులు వెళ్ళిపోయాయి. సాయంత్రానికి తూములో నీళ్ళు సన్నబడి ఆగిపోయాయి. ఆ మర్నాడు టీ కొట్టు దగ్గర ఊరంతా ఒకే మాట మీదకి వచ్చింది: దొరలొస్తే నీళ్ళొస్తాయి. ఇది ఎగతాళికి అన్న మాట కాదు. రైతు వానకారు చూసి గింజ వేసినట్టే, ఇది కూడా కళ్ళతో చూసి తెలుసుకున్న సంగతి. దాంతో ఊరి తెలివంతా దొరలను రప్పించడం మీద పడింది.

కమిటీ ఆ పని బాగా చేసింది. ప్రెసిడెంటు తరఫున ఆహ్వానాలు నేనే రాసేవాణ్ణి. మా ఊరు ఎంత ఆదర్శంగా ఉందో రాస్తూ పోగా పోగా నాకే ఆ ఊళ్ళో ఉండాలని ఆశ పుట్టింది. వచ్చినవాళ్ళకి భోజనాలు పెట్టడానికి మా ఇల్లాళ్ళు కారం లేని కూరలు నేర్చుకున్నారు. ఆ వంటను ఊళ్ళో ఎవరూ నోట పెట్టలేకపోయేవాళ్ళు. ఇంజనీరుకి షామియానాలు, కూల్‌డ్రింకులు, జీపులు తిరిగే దారి చూసుకోవడంతోనే సరిపోయేది. అంతకుముందు సైకిలు మీద గట్టు వెంట వచ్చి, ఎక్కడ గండి పడిందో చూసి వెళ్ళేవాడు. ఇప్పుడు కాలవ చూసే తీరిక లేదు, కాలవ చూడ్డానికి వచ్చేవాళ్ళను చూసుకోవాలి గదా.

చిక్కెక్కడొచ్చిందంటే, దొరలు వాళ్ళకి వీలైనప్పుడు వచ్చేవాళ్ళు. మిరప దానికి వీలైనప్పుడు పూసేది. రెండో ఏడు మిరప పూత మీద ఉండగా దొరల జాడ లేదు. నేల నెర్రెలు విచ్చింది. పూత రాలడం మొదలైంది. అప్పుడు ఒక రైతు భార్య, "మన నర్సమ్మ కూడా దొరసానే గదా," అంది.

నర్సమ్మ మిషను ఆసుపత్రిలో పనిచేసే ముసలావిడ. ఎప్పుడో పడుచువయసులో ఏ చలిదేశం నుంచో వచ్చి మా జిల్లాలోనే ఉండిపోయింది. పిల్లలకి సూదులు వేయడానికి అప్పుడప్పుడు పాత కారులో మా ఊరికి వచ్చేది. ఎప్పుడూ తారురోడ్డు మీద వచ్చే ఆవిడకి, రోడ్డు బాగాలేదని చెప్పి కాలవ గట్టు మీదుగా తీసుకురావాలని ప్రెసిడెంటు నిర్ణయించాడు. ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళి ఆవిడ కారే ఎక్కాం. ముందు సీటులో డ్రైవరు పక్కన ఆయన కూర్చున్నాడు. వెనక ఆవిడ పక్కన నేను.

మొదటి తూము దగ్గర లస్కరు, అంటే తూము కాపలావాడు, చెట్టు కింద నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. కారులో తెల్లమొహం కనబడేసరికి ఎగిరి లేచి, కండువా నడుముకి బిగించి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. ప్రెసిడెంటు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "చూస్తున్నారు," అన్నాడంతే. రెండో తూము దగ్గరా అంతే.

"ఏమయ్యా, మీ ఊరికి దారి ఇంత పొడుగెప్పుడైంది?" అంది నర్సమ్మ. ఆవిడ తెలుగు అచ్చం మా ఊరి ఆడవాళ్ళ తెలుగులాగే ఉండేది.

మూడో తూము దగ్గర ఆవిడ డ్రైవరు భుజం తట్టి కారు ఆపించింది. "వాడు నన్ను చూసి ఆ చక్రం ఎందుకు తిప్పుతున్నాడు? మేష్టారూ, మీరు చెప్పండి."

చెప్పాను. దొర సంగతి, తూము సంగతి, పూత సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపమొచ్చిందనుకున్నాను. భుజాలు కదులుతుంటే చూసి, నవ్వుతోందని తెలుసుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళుగా ఈ జిల్లాలో సూదులు వేస్తున్నాను. నన్ను చూసి పారిపోయినవాళ్ళే గానీ నీళ్ళు వదిలినవాళ్ళు లేరు," అంది. తరవాత ప్రెసిడెంటు వైపు తిరిగి, "సిగ్గులేదటయ్యా మీకు?" అని చెడామడా తిట్టింది. ఆయన తల వంచుకుని అన్నిటికీ "అవునమ్మా, అవునమ్మా," అన్నాడు. తిట్లన్నీ అయ్యాక, "పూత రాలుతోందా?" అని అడిగింది.

"రాలుతోందమ్మా."

"సరే, పోనీ." నాలుగో తూము దగ్గర ఎవరూ చెప్పకుండానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పండగ రథం మీద కూర్చున్నట్టు హుందాగా ఊపింది. ఆ లస్కరు చక్రం విరిగేదాకా తిప్పాడు.

ఆ తడితో మిరప నిలబడింది. చెప్పాపెట్టకుండా తూములు ఎందుకెత్తారని ఇంజనీరుని పైవాళ్ళు అడిగారట. "విదేశీయులు వచ్చారు," అని రాసి పంపించాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

మేము నవ్వుకుంటూనే ఉన్నాం గానీ ఈలోగా కాలవ పూడిపోతూనే ఉంది. సాయం గడువు తీరిపోయిందని ఒకరోజు ఇంజనీరు వచ్చి చెప్పాడు. జీపులు పోయాయి, కంట్రాక్టరూ పోయాడు. లస్కర్లను వేరేచోటికి మార్చారు. కమిటీ గదికి తాళం పడింది. మా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. దాని మీద పరిచిన సిమెంటు పలకలు ఒక్కొక్కటే పైకి లేచి కాలవకి అడ్డం పడ్డాయి. వాటి సందుల్లో తుంగ మొలిచింది. ఆ ఏడు నీళ్ళు మా పొలిమేర కూడా తొక్కలేదు.

రైతులు ప్రెసిడెంటు ఇంటికెళ్ళారు. "ప్రపోజలు పంపించాను," అన్నాడాయన.

"ఎవరికి?"

"అదే కనుక్కుంటున్నా."

అక్కణ్ణుంచి పెద్దాయన దగ్గరికెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పొగాకు చుట్ట చుట్టుకుంటున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"పెదనాన్నా, ఒక్క కేక వెయ్యి," అన్నాడొకడు.

"నేను గౌరవ సలహాదారుణ్ణిరా. కేకలు నా పని కాదు. గౌరవంగా ఉండటమే నా పని."

"తప్పైపోయింది పెదనాన్నా."

"తప్పేముంది? కమిటీ చూసుకుంటుంది."

లోపల్నించి ఆయన భార్య పెరుగు చిలుకుతూనే, "గౌరవం చాలు గానీ లే! నీ పార కర్ర దూడని కట్టెయ్యడానికి పెరట్లో పాతాను. ఎల్లి పీక్కో!" అని అరిచింది. ఆయన గొంతు ఊరందరి మీదా చెల్లేది, ఆవిడ గొంతు ఆయన మీద చెల్లేది. చుట్ట పక్కన పెట్టి లేచాడు.

మర్నాడు పొద్దున కేక వినబడింది. గొంతు కాస్త జీరబోయింది. బయటికొచ్చినవాళ్ళు సగం మందే. మిగిలినవాళ్ళు గుమ్మాల్లో నిలబడి మాట్లాడుతున్నారు. "గవర్నమెంటు కాలవ గదా, మనం ముట్టుకోవచ్చా?" అని ఒకడు. "కూలి ఎవరిస్తారు?" అని ఇంకొకడు. ఆ రెండో మాటకి పెద్దాయన తిట్టలేదు. ఊళ్ళో ఆ మాట వినడం ఆయనకదే మొదటిసారి. ఏం తిట్టాలో తెలియనట్టు వాడి వంక చూసి ముందుకెళ్ళిపోయాడు. నాకు ఆ పొద్దున బాగా బాధ కలిగింది. సిమెంటు పగిలితే మళ్ళీ పోసుకోవచ్చు. ఆ మాట ఊళ్ళోకి రావడానికి మేమందరం కలిసి దారి వేశాం, మంచి పుస్తకం చదివి మరీ.

పై ఊరివాళ్ళు పొలిమేర దగ్గరికి రాలేదు. వాళ్ళకీ ఒక కమిటీ, దానికీ ఒక తాళం ఉన్నాయి. మావాళ్ళలో మగదిక్కు లేని ఇంటి నుంచి పార పట్టుకుని తనే వచ్చిన ఒక నడివయసు రైతు ఉంది. పెద్దాయన గొంతు మధ్యాహ్నానికి పూర్తిగా పోతే, ఆవిడ గట్టెక్కి పై ఊరి వైపు తిరిగి మొదలుపెట్టింది. వాళ్ళ మీసాల గురించి, వాళ్ళ పారల గురించి ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. సాయంత్రానికి పై ఊరి నుంచి కొందరు మొహాలు మాడ్చుకుని పారలతో వచ్చారు. పెద్దాయన గట్టు మీద కూర్చుని మెచ్చుకోలుగా తలాడించాడు.

పలకలు మాత్రం పెద్ద చిక్కయ్యాయి. తీస్తే గాని పూడిక రాదు, తీస్తే ప్రభుత్వ ఆస్తి పాడుచేసినట్టు. ఇంజనీరు సైకిలు మీద వచ్చాడు. జీపు పోయాక మళ్ళీ సైకిలెక్కాడు, మనిషి కొంచెం తేరుకున్నాడు కూడా. "నేను తియ్యమనలేనండి. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు. సైకిలు స్టాండు వేసి, "నేనటు తిరిగి ఆ పత్తి చేను చూస్తుంటాను," అన్నాడు. అందరూ గునపాలు పట్టి పలకలు పెకిలించారు. ఆయన ఆ పత్తి చేనులో ఒక్కో కాయా లెక్కపెట్టినంతసేపు చూశాడు. ఆ పలకలు తరవాత ఊళ్ళో ప్రతి పెరట్లోనూ బట్టలుతికే బండలయ్యాయి. ఊరికి విదేశీ సాయంలో అందరికీ సమానంగా అందింది అదొక్కటే.

నీళ్ళొచ్చాయి, సగం పొలాల దాకా. రాని వాళ్ళకి వంతు ఇవ్వాలా వద్దా అని పెద్ద గొడవైంది. పాత మజ్జిగ కట్టుబాటును కొందరు ఒప్పుకోలేదు. చివరికి పెద్దాయన, ఆ నడివయసు ఆవిడ కలిసి వంతులు చెప్పారు. ఆయన చెప్పింది ఆవిడ ఒప్పుకునేది కాదు, ఆవిడ చెప్పింది ఆయన ఒప్పుకునేవాడు కాదు. కాలవ మాత్రం ఏటా తీస్తున్నారు.

మరీ కొసన ఉన్న రైతులు కొందరు ఇక లాభం లేదని మిరప మానేసి శనగ వేశారు. నాకు బదిలీ అయి ఊరు వదిలే ముందు వాళ్ళలో ఒకాయన తన చేను చూపించడానికి తీసుకెళ్ళాడు. పొద్దుటి పూట మొక్కలన్నీ తడిగా మెరుస్తున్నాయి. నేను ఆశ్చర్యపోయి, "నీళ్ళు పెట్టారా?" అన్నాను.

"మంచండీ," అన్నాడాయన. "శనగకి మంచు చాలు. దీనికి కమిటీ అక్కర్లేదు." ఒక కొమ్మ తుంచి నా చేతిలో పెట్టాడు. పచ్చి శనగకాయలు ఒలుచుకు తింటూ బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాను.